ఓడ కొన్నాక మన వెనక ఎవరుంటారు? హైదరాబాద్ ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. విశాఖ రేవుకు వెళ్లాలంటే 600 కిలోమీటర్ల పైనే ప్రయాణం. అయినా బార్జ్ (అడుగు చదునుగా ఉండే సరుకు పడవ) కొందామనో, పెద్ద ఓడలను లాగే టగ్ కొని పోర్టుకు అద్దెకిద్దామనో, నలుగురు కలిసి సరుకు ఓడలో వాటా తీసుకుందామనో నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. నేను పదహారేళ్లు ఓడల్లో ఇంజినీరుగా చేశాను. తర్వాత కొన్నేళ్లు ఒడ్డునే ఉండి ఓడల నిర్వహణ చూశాను. ఇప్పుడు కూకట్‌పల్లిలో స్థిరపడ్డాను. అడిగేవాళ్లు మారుతున్నా సందేహాలు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

ఏ సంస్థ గురించి చెప్పినా అది ఎవరి తరఫున పనిచేస్తుందో చెప్పడానికి ప్రయత్నించాను. ఓనర్లు నష్టపోవడం నేను ఎక్కువగా చూసింది ఆ సంగతి తెలియకే.

## కొనకముందు

హైదరాబాద్‌లో కూర్చుని ఓడకు ఓనర్ కావచ్చా? పోర్టు ఊళ్లో ఆఫీసు పెట్టాలా?

కావచ్చు. కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉండొచ్చు. ఓడ రిజిస్ట్రేషన్ మాత్రం కేంద్రం నోటిఫై చేసిన రేవులోనే జరగాలి. ముంబై, కోల్‌కతా, చెన్నై, కొచ్చి అలాంటివి. వీటన్నిటికీ పైన ముంబైలో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఉంటుంది. కింద మర్కెంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులుంటాయి. మనకు దగ్గర్లో ఉన్నది విశాఖ ఆఫీసు. సర్వేలు, సర్టిఫికెట్ల పనికి మీరు ఎక్కువగా వెళ్లాల్సింది అక్కడికే.

నలుగురు కలిసి కొనేవాళ్లకు ఇంకో మాట. 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం ఒక ఓడ మీద యాజమాన్యాన్ని పది వాటాలుగా లెక్కగట్టింది. 2025లో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం చేసి యాజమాన్య నియమాలను సడలించింది. నోటిమాట మీద వాటాలు పంచుకోకుండా ముందు కంపెనీ పెట్టి, ఏ నిబంధన ఏ తేదీ నుంచి అమల్లో ఉందో మెరైన్ లాయర్‌ను అడిగి తెలుసుకోండి.

నాకు ఓడ నడపడం గురించి ఓనమాలు కూడా రావు. ఎవరికైనా అప్పగించేయొచ్చా?

అప్పగించొచ్చు. ఇందుకోసమే షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీలున్నాయి. టెక్నికల్ మేనేజర్ మరమ్మతులు, స్పేర్ పార్టులు, సర్వేలు చూస్తాడు. క్రూ మేనేజర్ ఓడలో పనిచేసే మనుషులను తెస్తాడు. కమర్షియల్ మేనేజర్ సరుకు వెతికి కిరాయి మాట్లాడతాడు. ఈ మూడూ ఒకే కంపెనీకి ఇవ్వొచ్చు, విడివిడిగానైనా ఇవ్వొచ్చు. కోపెన్‌హాగన్ దగ్గరున్న బిమ్కో అనే ఓనర్ల సంఘం తయారుచేసిన ‘షిప్‌మ్యాన్’ ఒప్పందం ఇందుకు ప్రపంచమంతా వాడుకలో ఉంది. మేనేజర్ సొంత ఫారం తెస్తే, ఇదెందుకు వద్దో అడగండి.

మేనేజర్‌కు ఫీజు ఇస్తాం, ఓడ ఖర్చు వేరుగా మన ఖాతాలో పడుతుంది. స్పేర్ పార్టుల మీద సరఫరాదారు ఇచ్చే డిస్కౌంట్ ఎవరికి చేరాలో ఒప్పందంలో రాయించండి. రాయకపోతే అది మీదాకా రావడం కష్టం.

భద్రత బాధ్యత సంగతి ఇంకా ముఖ్యం. 1987లో బెల్జియంలోని జీబ్రుగ్గె రేవు దాటగానే ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరి బోల్తా పడింది. 193 మంది చనిపోయారు. తప్పు ఓడలోని వాళ్లతో ఆగలేదని, ఒడ్డునున్న కంపెనీలో కూడా ఉందని విచారణలో తేలింది. ఆ తర్వాతే ఓడల భద్రతా నిర్వహణకు ఐఎస్ఎం కోడ్ అనే అంతర్జాతీయ నియమావళి వచ్చి, 1998 జులై 1 నుంచి దశలవారీగా తప్పనిసరైంది. దాని ప్రకారం ఒడ్డున ఒక ‘డిజిగ్నేటెడ్ పర్సన్’ ఉండాలి. కెప్టెన్ ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తేది ఆయనే, కంపెనీ పెద్దల దగ్గరికి నేరుగా వెళ్లగలిగేదీ ఆయనే. సంతకం పెట్టేముందు ఆ మనిషిని కలిసి గంటసేపు మాట్లాడండి.

బ్రోకరు, ఏజెంటు, మేనేజరు... ముగ్గురూ ఒకటి కాదా?

కాదు. బ్రోకరు బేరం కుదిర్చి కమిషన్ తీసుకుంటాడు. ఏజెంటు ఒక రేవులో మీ ఓడ పని చూస్తాడు, అంటే బెర్తు, కస్టమ్స్ కాగితాలు, మంచినీళ్లు, డాక్టరు వగైరా. మేనేజరు ఏడాది పొడుగునా ఓడను నడిపిస్తాడు. ఒకే మనిషి మూడు టోపీలూ పెట్టుకుని వస్తే, ఏ పనికి ఎంత తీసుకుంటున్నాడో విడివిడిగా రాయించుకోండి.

అన్నా, బ్యాంకు లోన్ దొరుకుతదా? ట్యాక్స్ ఎట్లా?

ఓడను తనఖా పెట్టుకుని లోన్ ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. ఇల్లు, స్థలం మీద ఇచ్చినంత తేలిగ్గా మాత్రం ఇవ్వవు. చార్టర్ ఒప్పందం, అంటే మీ ఓడను ఎవరైనా కిరాయికి తీసుకునే ఒప్పందం, చేతిలో ఉంటే మాట వింటారు. 2025లో సాగర్‌మాల ఫైనాన్స్ కార్పొరేషన్ ఈ రంగానికే ప్రత్యేకంగా బ్యాంకేతర ఆర్థిక సంస్థగా మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ప్యాకేజీలో 25,000 కోట్ల మారిటైమ్ డెవలప్‌మెంట్ ఫండ్ ఉంది. ఇవి ప్రధానంగా పెద్ద పెట్టుబడుల కోసం. ఒక్క టగ్ కొనేవాళ్లు వీటిని నమ్ముకుని అడ్వాన్సు కట్టేయకండి.

ట్యాక్స్ వైపు చూస్తే, 2004 నుంచి టన్నేజ్ ట్యాక్స్ పద్ధతి ఉంది. ఇందులో వచ్చిన లాభాన్ని పక్కనబెట్టి, ఓడ నెట్ టన్నేజీని (సరుకుకు పనికొచ్చే జాగా కొలతను) బట్టి ఆదాయం లెక్కగడతారు. ఒకసారి ఎంచుకుంటే పదేళ్ల మాట. దానికి బదులుగా ట్రెయినీలకు ఓడలో శిక్షణ ఇవ్వాలి, లాభంలో కొంత రిజర్వులో ఉంచాలి. షిప్పింగ్ తెలిసిన ఆడిటర్ హైదరాబాద్‌లో దొరక్కపోతే ముంబైలోనో చెన్నైలోనో పెట్టుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

## కొనేటప్పుడు

“క్లాస్ ఉంది సార్” అంటున్నారు. అంటే ఓడ బాగున్నట్టేనా?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఓడ కట్టడం, ఇంజిన్లు, పరికరాలు ఒక ప్రమాణానికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూసి సర్టిఫికెట్ ఇచ్చేదే క్లాస్ సంస్థ. ఇది పాత వ్యవస్థ. లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హోటల్ చుట్టూ చేరిన వర్తకులు 1760లో మొదలుపెట్టిన సొసైటీయే తర్వాత లాయిడ్స్ రిజిస్టర్ అయింది. మన దేశానికి 1975లో ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం ముంబై పొవాయిలో ఉంది. ప్రపంచంలో పేరున్న 12 క్లాస్ సంస్థలు ఐఏసీఎస్ అనే సంఘంలో ఉన్నాయి, మనదీ అందులో ఒకటి. అమ్మేవాళ్లు చెప్పే క్లాస్ పేరు ఆ 12లో ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే బ్యాంకు, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర మీకు తిప్పలు తప్పవు.

క్లాస్ సర్వే ఏటా ఉంటుంది. అయిదేళ్లకోసారి పెద్ద సర్వే, ఆ అయిదేళ్లలో రెండుసార్లు ఓడ అడుగు భాగం తనిఖీ. పెద్ద సర్వే ఖర్చు లక్షల్లో ఉండదు, కోట్లలోకి వెళ్తుంది. అందుకే చాలామంది సరిగ్గా దానికి ఆరు నెలల ముందు అమ్మకానికి పెడతారు.

డ్రైడాక్‌లో పని ఎలా ఉంటుందో చెబితే మీకు తెలుస్తుంది. నీళ్లు తోడేశాక ఓడ దిమ్మెల మీద నిలబడి ఉంటుంది. సర్వేయర్ దాని పొట్ట కింద వంగి నడుస్తూ రేకు మీద చిన్న సుత్తితో కొడతాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తినేసిన చోట చప్పుడు బోలుగా, చచ్చినట్టు వస్తుంది. అక్కడ సుద్దతో గుండ్రంగా గీస్తాడు. వెనకాల వచ్చే కుర్రాడు ఆ చోట రంగు గీకి, జెల్ పూసి, మందం కొలిచే మిషన్ ఆనిస్తాడు. మొదట 14 మిల్లీమీటర్లున్న రేకు 10కి దిగిందని తెర మీద కనపడితే ఆ రేకు కోసి కొత్తది వేయాల్సిందే. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న ఓనర్ ప్రతినిధి సుద్ద గుర్తులు లెక్కపెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

క్లాస్ సర్టిఫికెట్ చెప్పేది ఆ సర్వే రోజున కనీస ప్రమాణం దాటిందన్న మాట మాత్రమే. జనరేటర్ ఎన్నాళ్లు లాగుతుంది, క్రేన్ ఎంత అరిగింది అన్నది కొనుగోలుదారు తరఫున చూసే పని దానిది కాదు. ఆ పనికి మీ ఖర్చుతో స్వతంత్ర సర్వేయర్‌ను పెట్టుకోండి. అమ్మేవాడు సూచించిన మనిషి మాత్రం వద్దు. క్లాస్ రికార్డులు తెప్పించి, ‘కండిషన్ ఆఫ్ క్లాస్’ అని రాసిన వరుసలన్నీ చదివించుకోండి. గడువులోగా చేయక తప్పని మరమ్మతులు అవే.

పనామా జెండా పెట్టుకోమంటున్నారు. మన జెండా మంచిదా, అది మంచిదా?

ఓడ ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశం జెండా ఎగరేస్తుంది. ఏది మంచిదన్నది ఓడ చేయబోయే పనిని బట్టి ఉంటుంది. విశాఖ నుంచి చెన్నైకో కాండ్లాకో మన తీరం వెంట సరుకు మోయాలంటే భారత జెండాయే మేలు, విదేశీ జెండా ఓడకు లైసెన్సు తీసుకోవాలి. లైబీరియా, పనామా, మార్షల్ ఐలాండ్స్ లాంటి రిజిస్ట్రీలు త్వరగా పని చేసిపెడతాయి, సిబ్బంది జాతీయత విషయంలో వెసులుబాటు ఇస్తాయి. ప్రపంచంలో చాలా టన్నేజీ వాటి కిందే ఉంది. అయితే రిజిస్ట్రీ పేరు చెడ్డదైతే ప్రతి రేవులోనూ తనిఖీ అధికారులు ముందు మీ ఓడే ఎక్కుతారు. ఎవరూ వినని దేశం జెండాను చవగ్గా ఇప్పిస్తామంటే దూరంగా ఉండండి.

బయానా ఎంత కట్టాలి, ఎవరి చేతిలో పెట్టాలి?

పాత ఓడల అమ్మకాల్లో నార్వేజియన్ సేల్ ఫారం వాడుక. మామూలుగా 10 శాతం డిపాజిట్ కడతారు. ఆ డబ్బు అమ్మేవాడి చేతికి వెళ్లకూడదు, ఇద్దరికీ సమ్మతమైన మూడో మనిషి దగ్గర ఎస్క్రో ఖాతాలో ఉండాలి. మిగతాది ఓడ అప్పగించే రోజున కట్టాలి. అప్పులు, తనఖాలు లేవన్న రిజిస్ట్రీ పత్రం, బిల్ ఆఫ్ సేల్ చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా వదలకండి.

## నడిపేటప్పుడు

హల్ ఇన్సూరెన్స్ కట్టాను. మళ్లీ పీ అండ్ ఐ క్లబ్ ఎందుకు?

హల్ అంటే ఓడ కట్టడం. హల్ అండ్ మెషినరీ పాలసీ మీ ఓడకు జరిగిన నష్టానికి. మీ ఓడ వల్ల ఇతరులకు జరిగిన నష్టం వేరే లెక్క. క్రూలో ఒకరు గాయపడొచ్చు, సరుకు తడవొచ్చు, జెట్టీ విరగొచ్చు, నూనె సముద్రంలో కారొచ్చు, మునిగిన ఓడను తీయాల్సి రావొచ్చు. ఇవన్నీ పీ అండ్ ఐ (ప్రొటెక్షన్ అండ్ ఇండెమ్నిటీ) క్లబ్ చూసుకుంటుంది. ఢీకొన్నప్పుడు అవతలి ఓడకు కట్టాల్సిన దాంట్లో కూడా పాత ఇంగ్లిష్ హల్ పాలసీలు నాలుగింట మూడొంతులే ఇచ్చేవి. మిగిలిన ఒక వంతు కోసం, ఇలాంటి బాధ్యతల కోసం 1855లో ఇంగ్లండ్ ఓనర్లు తమలో తాము డబ్బు వేసుకుని మొదటి క్లబ్ పెట్టుకున్నారు.

క్లబ్ అంటే సభ్యులదే. లాభం కోసం నడిచేది కాదు. ఏడాదికి ‘కాల్’ అనే చందా కడతారు. క్లెయిములు మరీ పెరిగితే అదనంగా అడిగే హక్కు క్లబ్‌కు ఉంటుంది, ఆ సంగతి తెలిసే చేరండి. ఇంటర్నేషనల్ గ్రూప్‌లో 12 క్లబ్బులున్నాయి. ప్రపంచ సముద్ర టన్నేజీలో దాదాపు 90 శాతానికి అవే అండ. పాలసీ ఏడాది ఫిబ్రవరి 20 మధ్యాహ్నం మొదలవుతుంది. అందుకే జనవరి, ఫిబ్రవరి వస్తే ఓనర్లకు టెన్షన్.

నాకు క్లబ్‌లో బాగా నచ్చేది ప్రతి పెద్ద రేవులో ఉండే దాని కరస్పాండెంట్. తెలియని దేశంలో, భాష రానిచోట, రాత్రి రెండింటికి కెప్టెన్ ఫోన్ చేస్తే లాయర్‌ను, సర్వేయర్‌ను, డాక్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చే మనిషి అతను. అతను వచ్చేది మీ తరఫున.

క్రూను ఎక్కడ తెచ్చుకోవాలి? ఏజెంటు పిల్లల దగ్గర లక్షలు తీసుకుంటున్నాడని విన్నాను.

డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్పీఎస్ఎల్ (నావికుల నియామక) లైసెన్స్ ఉన్న సంస్థ నుంచే తీసుకోండి. లైసెన్స్ చెల్లుతోందో లేదో డీజీ షిప్పింగ్ జాబితాలో చూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు వసూలు చేయడం చట్టవిరుద్ధం. ఆ ఖర్చు ఓనర్‌దే.

నేను చూసుకుంటున్న ఓడలోకి ఒకసారి శ్రీకాకుళం కుర్రాడు ఒకడు వచ్చాడు. ఇంజిన్ రూమ్‌లో చేయి కాలినా చెప్పకుండా మూడు రోజులు డ్యూటీ చేశాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, ఇంటికి పంపేస్తారేమోనని భయపడ్డానన్నాడు. వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టాడట. ఆ ఏజెంటును పెట్టుకున్నది మేమే. మా తనిఖీలో ఆ సంగతి పట్టుకోలేకపోయాం. అప్పటినుంచి ఓడ ఎక్కే ప్రతి మనిషినీ ఎవరికైనా డబ్బు కట్టావా అని విడిగా అడగడం మొదలుపెట్టాను. మీరు కూడా అడగండి, తెలుగులో అడగండి.

సముద్రం ఎలా ఉందో ఎవరు చెబుతారు? ప్రైవేటు సర్వీసు కొనాలా?

మహాసముద్రాలు దాటే పెద్ద ఓడలకు వాతావరణం చూసి దారి చెప్పే ప్రైవేటు రూటింగ్ సర్వీసు పనికొస్తుంది. మన తీరంలో తిరిగే ఓడకు ముందుగా వాడాల్సింది మన ఊళ్లోనే ఉంది. నిజాంపేట దగ్గర ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ పనిచేస్తోంది, పూర్తి పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. 1999లో మొదలైంది. అలల ఎత్తు, ఉప్పెన అలలు, గాలి, ప్రవాహాల ముందస్తు అంచనాలు ఇస్తుంది. 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అదే. నూనె కారితే అది ఎటు కొట్టుకుపోతుందో, సముద్రంలో పడిపోయిన మనిషి కోసం ఎక్కడ వెతకాలో అంచనా వేసే సాధనాలు కూడా వాళ్ల దగ్గరున్నాయి.

సముద్రం లేని ఊళ్లో కూర్చుని హిందూ మహాసముద్రాన్ని రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉన్నారు వాళ్లు. హైదరాబాద్ ఓనర్లు చాలామందికి ఈ సంగతే తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పోర్టు బిల్లు చూసి కళ్లు తిరిగాయి. ఏజెంటును నమ్మాలా?

నమ్మండి, లెక్క మాత్రం చూడండి. ఓడ రాకముందు ఏజెంటు అంచనా బిల్లు పంపుతాడు, వెళ్లాక రసీదులతో అసలు బిల్లు పంపుతాడు. పోర్టు చార్జీలు, పైలటేజ్ (రేవులో ఓడకు దారి చూపే పైలట్ రుసుము), టగ్ చార్జీలకు పోర్టు ప్రకటించిన రేట్లుంటాయి, వాటితో పోల్చుకోవచ్చు. తేడాలు వచ్చేది చిన్న పద్దుల్లో.

ఒక రేవులో మాకు 120 టన్నుల మంచినీళ్లకు బిల్లు వచ్చింది. రసీదు మీద మా చీఫ్ ఆఫీసర్ సంతకం, ఓడ ముద్ర అన్నీ ఉన్నాయి. ఓడలో మంచినీళ్ల ట్యాంకులు రెండూ కలిపి 90 టన్నులే పడతాయి. ఆ రోజు పొద్దున ట్యాంకుల మట్టం కొలిచి రాసే సౌండింగ్ పుస్తకంలో 35 టన్నులు ఉన్నాయని రాసి ఉంది. రాత్రి షిఫ్టులో అలసిపోయి ఖాళీ రసీదు మీద సంతకం పెట్టానని ఆయన ఒప్పుకున్నాడు. సౌండింగ్ పుస్తకం పేజీ పంపాక బిల్లు తగ్గింది. ప్రతి బిల్లుకూ ఓడలో ఒక పుస్తకం సాక్ష్యం ఉంటుంది, దాన్ని తెప్పించుకోండి.

ఓనర్ల సంఘాల్లో చేరితే నాకేం ఒరుగుతుంది?

ఇండియన్ నేషనల్ షిప్‌ఓనర్స్ అసోసియేషన్ 1929 నుంచి ఉంది. ప్రభుత్వం కొత్త నియమం తెచ్చేముందు ఓనర్ల మాట వినిపించేది అదే. 1905లో పుట్టిన బిమ్కో ప్రామాణిక ఒప్పందాలు, వాటి మీద సలహా ఇస్తుంది. 1921 నాటి ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ షిప్పింగ్‌లో దేశాల సంఘాలు సభ్యులు. ఒక్క ఓడ ఉన్న మనిషి నేరుగా చేరాల్సిన అవసరం ఉండదు. ఒక ఓడ ఉన్నప్పుడు దేశీయ సంఘంతో పరిచయం చాలు. విదేశీ చార్టర్లు మొదలయ్యాక బిమ్కో సంగతి చూడొచ్చు.

గోదావరిలోనో కృష్ణలోనో తిరిగే బార్జ్‌కు ఇవన్నీ కావాలా?

అన్నీ అక్కర్లేదు. దానికి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం 2021 వర్తిస్తుంది, సర్వే, రిజిస్ట్రేషన్ రాష్ట్రం నియమించిన అధికారి దగ్గర. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. జలమార్గం లోతు, గుర్తులు చూసేది 1986లో ఏర్పడిన ఇన్‌ల్యాండ్ వాటర్‌వేస్ అథారిటీ. మన రెండు నదులూ జాతీయ జలమార్గం-4లో భాగం. కాగితం మీద జలమార్గమైన ప్రతిచోటా బార్జ్‌కు చాలినంత నీళ్లు ఏడాది పొడుగునా ఉండవు. ఎండాకాలంలో వెళ్లి కళ్లారా చూశాకే కొనండి.

## ఇబ్బంది వచ్చినప్పుడు

ఓడను పోర్టులో ఆపేశారు! ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

ఆపింది ఎవరో కెప్టెన్‌ను అడగండి. తనిఖీ అధికారి లోపాలు రాసి ఆపితే అది డిటెన్షన్. క్లాస్‌కూ మేనేజర్‌కూ చెప్పి లోపం సరిచేయించాలి. కోర్టు ఉత్తర్వు తెచ్చి ఆపితే అది అరెస్ట్. వెంటనే పీ అండ్ ఐ క్లబ్‌కు, లాయర్‌కు ఫోన్ చేయాలి. క్లబ్ బాధ్యత వహించే క్లెయిమ్ అయితే అది ఇచ్చే హామీపత్రం మీద ఓడ కదలొచ్చు. బంకర్ (ఓడ ఇంధనం) బాకీ లాంటిదైతే డబ్బు మీరే సర్దాలి.

మన హైకోర్టుకు ఇందులో చరిత్ర ఉంది. ‘ఎం.వి. ఎలిజబెత్’ అనే విదేశీ ఓడ గోవాలోని మర్మగోవా నుంచి సరుకు తీసుకెళ్లిన వివాదంలో, అది విశాఖ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉన్న అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో అరెస్టయింది. ఆ అధికారం హైకోర్టుకు ఉందని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత ఓడల వివాదాల కోసం వచ్చిన 2017 అడ్మిరాల్టీ చట్టం 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో ఓడ మీద హక్కుల వరుసలో మొదటిది సిబ్బంది జీతాలు. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల కేసులు ఇప్పుడు అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్తాయి.

తుపానులో ఓడ ఒడ్డెక్కితే సంగతేంటి?

ఆపదలో ఉన్న ఓడలను కాపాడే సాల్వేజ్ కంపెనీలను పిలుస్తారు. లాయిడ్స్ ఓపెన్ ఫారం అనే ఒప్పందంలో సూత్రం ఒక్కటే: కాపాడితేనే డబ్బు. కాపాడిన ఖర్చును ఓడ, సరుకు యజమానులు విలువల నిష్పత్తిలో భరించడాన్ని జనరల్ ఏవరేజ్ అంటారు. నిమిషాలు ముఖ్యమైన ఆ వేళలో కెప్టెన్ మీ అనుమతి కోసం ఎదురుచూడకూడదు. ఆ అధికారం ఆయనకు ఉందని ముందే రాసివ్వండి.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. ఓరుగల్లు ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపాను దెబ్బకు ఒడ్డెక్కిన ఓడల్లోని సరుకంతా పాత రాజులు లాక్కునేవారని, ఇకమీదట వాడుక సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వర్తకులకే వదులుతామని అందులో ఉంది. బాపట్ల వైపు వెళ్తే ఆ ఊరు చూసి రండి.

ఎర్ర సముద్రం మీదుగా చార్టర్ వచ్చింది. ఒప్పుకోమంటారా?

ముందు వార్ రిస్క్ ఇన్సూరెన్స్ అడగండి, మామూలు హల్ పాలసీలో అది ఉండదు. అదనపు ప్రీమియం ఎవరు కట్టాలో చార్టర్‌లో రాయించండి. దారిలో కెప్టెన్ సమాచారం ఇవ్వడానికి బ్రిటన్ నౌకాదళం నడిపే యూకేఎంటీఓ, సముద్ర దొంగల దాడులకు కౌలాలంపూర్‌లోని ఐఎంబీ (ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో) కేంద్రం, మన నౌకాదళం గురుగ్రామ్‌లో 2018లో పెట్టిన సమాచార కేంద్రం ఉన్నాయి. ఆ దారిన వెళ్లనని చెప్పిన నావికుడిని బలవంతపెట్టకండి.

నష్టాల్లో ఉన్నాను, ఈ నెల జీతాలు ఇవ్వలేను. రెండు నెలలు ఆపితే ఏమవుతుంది?

రెండు నెలల జీతం బాకీ పడితే నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందమైన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. 2017 నుంచి దీనికి ఇన్సూరెన్స్ తప్పనిసరి. నాలుగు నెలల దాకా జీతాలు, తిండి, ఇంటికి పంపే ఖర్చు ఆ ఇన్సూరెన్స్ సంస్థ కట్టి తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది. జీతాలు ఇవ్వలేని సంగతి దాచకుండా మీరే ముందుగా క్లబ్‌కు, డీజీ షిప్పింగ్‌కు చెప్పండి. లంగరు వేసిన ఓడలో కరెంటు లేకుండా, డెక్ మీద కట్టెలతో అన్నం వండుకుంటున్న సిబ్బందిని నేను చూశాను. ఓడను అమ్ముకోవాల్సి వచ్చినా సరే, మనుషులను ముందు ఇంటికి పంపండి.

## ఓడను వదిలేటప్పుడు

ఓడ ముసలిదైంది. తుక్కు కింద ఎవరికి అమ్మాలి?

మన దేశంలో గుజరాత్‌లోని అలంగ్ తీరం ప్రధాన కేంద్రం. 2025 జూన్ 26 నుంచి ఓడలను సురక్షితంగా విడగొట్టడానికి హాంకాంగ్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆస్బెస్టాస్ లాంటి ప్రమాదకర పదార్థాలు ఓడలో ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా ఉండాలి, యార్డుకు అనుమతి ఉండాలి. ‘క్యాష్ బయర్’ అనే మధ్యవర్తి టన్నుకు రెండు డాలర్లు ఎక్కువిస్తానంటాడు. ఓడ ఏ యార్డుకు వెళ్తుందో ఒప్పందంలో పేరుతో సహా రాయమనండి. రాయనంటే ఆ రెండు డాలర్లు వదులుకోండి, ఆ రేకులు కోసేది కూడా మనుషులే. అప్పగించాక ఓడ పేరు తీసేసినట్టు రిజిస్ట్రీ నుంచి డిలీషన్ సర్టిఫికెట్ తీసుకోండి. ఇన్సూరెన్స్ ఆ రోజు వరకూ నడవాలి. లాగ్ పుస్తకాలు, సిబ్బంది సర్వీసు రికార్డులు మాత్రం ఓడతో పంపకుండా మీ ఆఫీసుకు తెచ్చుకోండి. ఎప్పుడో ఒకరోజు ఒక నావికుడు తన సర్వీసు రుజువు కోసం మీ తలుపు తడతాడు.